ట్యాబ్ ఉంటే ల్యాప్‌టాప్ అక్కర్లేదా?



2025 అక్టోబరు 15న యాపిల్ కంపెనీ కొత్త ఐప్యాడ్ ప్రోను ప్రకటించింది. లోపల ఎం5 అనే కొత్త చిప్. 13 అంగుళాల మోడల్ మందం 5.1 మిల్లీమీటర్లు, బరువు 579 గ్రాములు. మన దేశంలో 11 అంగుళాలది 99,900 రూపాయల నుంచి, 13 అంగుళాలది 1,29,900 రూపాయల నుంచి మొదలయ్యాయి. ఇలాంటి ప్రకటన వచ్చిందంటే మన హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో, మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల క్యాంటీన్లలో వారమంతా ఒకటే ముచ్చట: ఈసారి ల్యాప్‌టాప్ మానేసి ట్యాబ్ తీసుకుంటే పోలా? అడిగేవాళ్లలో పదేళ్లు దాటిన మేనేజర్లు ఉంటారు. మొదటి జీతం చేతికొచ్చిన ఫ్రెషర్లు ఉంటారు. తమ్ముణ్ణి ఇంజనీరింగ్‌లో చేర్చి వాడికేం కొనివ్వాలో తేల్చుకోలేని అక్కలూ ఉంటారు. వీళ్లందరికీ ఒకే జవాబు చెప్పడం కుదరదు. ఎందుకు కుదరదో ఈరోజు మాట్లాడుకుందాం.

అసలు ఈ ప్రశ్న పుట్టి పదిహేనేళ్లు దాటింది. 2010 జనవరి 27న స్టీవ్ జాబ్స్ మొదటి ఐప్యాడ్ చూపించినప్పుడు, ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఉండే మూడో వస్తువుగా దాన్ని పరిచయం చేశాడు. ల్యాప్‌టాప్‌ను పక్కన పెట్టేయొచ్చన్న మాట గట్టిగా అన్నది మైక్రోసాఫ్ట్. 2014 మే 20న న్యూయార్క్‌లో సర్ఫేస్ ప్రో 3 విడుదల సభ జరిగింది. మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల సీఈఓ అయి అప్పటికి నాలుగు నెలలు కూడా నిండలేదు. ఆయన మాట్లాడాక సర్ఫేస్ విభాగం చూసే పానోస్ పనాయ్ వేదిక మీదికి తక్కెడ తెప్పించి, ఒకవైపు మ్యాక్‌బుక్ ఎయిర్, ఇంకోవైపు సర్ఫేస్ పెట్టి ఏది తేలికో చూపించారు. ల్యాప్‌టాప్ స్థానంలోకి రాగల ట్యాబ్లెట్ ఇదేనన్నది ఆ రోజు నినాదం. కీబోర్డు మాత్రం విడిగా కొనుక్కోవాలి.

అంతకు రెండేళ్ల ముందు, 2012లో, అదే కంపెనీ సర్ఫేస్ ఆర్‌టీ అని ఒకటి తెచ్చింది. చూడటానికి విండోస్‌లాగే ఉండేది. కానీ జనం ఏళ్ల తరబడి వాడుతున్న పాత విండోస్ సాఫ్ట్‌వేర్ ఏదీ అందులో ఎక్కేది కాదు. సరుకు అమ్ముడుపోక 2013 జులైలో 90 కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకోవలసి వచ్చింది. తెర బాగుందా, బరువు తక్కువేనా అన్నవి కొట్లో చూసే సంగతులు. కొన్నాక అడ్డం పడేది మాత్రం, మనం రోజూ వాడే సాఫ్ట్‌వేర్ అందులో నడుస్తుందా లేదా అన్న ఒక్కటే.

ఇప్పటి ఐప్యాడ్‌కూ ఆ ప్రశ్నే వేయాలి. శక్తి గురించి వాదన లేదు. కొత్త ఐప్యాడ్ ప్రోతో పాటు అదే రోజు ప్రకటించిన 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో ఉన్నదీ ఈ ఎం5 చిప్పే. తేడా అంతా అనుమతుల్లో ఉంది. ల్యాప్‌టాప్‌లో కావలసిన సాఫ్ట్‌వేర్ ఎక్కడినుంచైనా దించుకుని ఎక్కించుకోవచ్చు. ఐప్యాడ్‌లోకి మన దేశంలో యాప్ స్టోర్ దారిలో వచ్చిందే ఎక్కుతుంది. ఒక యాప్ ఇంకో యాప్ సొత్తులోకి నేరుగా చేయి పెట్టలేదు. వెనకాల గంటల తరబడి నడవాలన్నా పరిమితులున్నాయి. భద్రత కోసమే ఈ కట్టడి, కాదనను. వైరస్ బెడద తక్కువ, పిల్లల చేతికిచ్చినా భయం లేదు. కానీ ఈ కారిడార్‌లో జావా రాసే మనిషి రోజు ఎలా గడుస్తుందో చూడండి. తెర మీద కోడ్ రాసే ఐడీఈ తెరిచి ఉంటుంది. వెనకాల లోకల్ సర్వర్ నడుస్తుంటుంది, దాని వెనక డేటాబేస్, రెండు మూడు డాకర్ కంటైనర్లు, పక్కన టెర్మినల్. ఇవేవీ ఐప్యాడ్‌లో నేరుగా నడవవు. ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ కూడా ఐప్యాడ్‌లో లేదు, దానికి మ్యాక్ కావాలి. ఆండ్రాయిడ్ ట్యాబ్ కొన్నా అంతే. ఆండ్రాయిడ్ స్టూడియోకు కంప్యూటరే కావాలి.

2025 సెప్టెంబరు 15న వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26లో మార్పులు మంచివే. కిటికీల సైజు మార్చుకుని ఒకదాని పక్కన ఒకటి పరుచుకోవచ్చు, పైన మెనూ బార్ వచ్చింది, ఫైళ్లు సర్దుకోవడం సులువైంది, వీడియో ఎక్స్‌పోర్టులాంటి పెద్ద పని వెనకాల సాగుతుండగా ఇంకో పని చూసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌కు చాలా దగ్గరగా వచ్చిందని ఒప్పుకోవాలి. బ్రౌజర్ తెరిచి ఎక్కడో క్లౌడ్‌లో ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అయి కోడ్ రాసుకునే దారి కూడా ఉంది. అయితే అప్పుడు పని చేసేది ఆ దూరపు కంప్యూటర్, మీ చేతిలోది దాని తెర. నెట్ ఆగితే పని ఆగుతుంది, క్లౌడ్ అద్దె నెల నెలా కట్టాలి.

అయినా మన కారిడార్‌లో చాలామంది, నాకు ట్యాబ్‌తోనే అన్నీ అయిపోతున్నాయి అంటుంటారు. అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ మాట చెప్పే మనిషి సంచీ ఒకసారి చూడండి. అందులో ఆఫీసు సిస్టమ్ ఉంటుంది.

నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో ఆఫీసు కంప్యూటర్ ఆఫీసు బల్ల మీదే ఉండేది. సాయంత్రం ఆపేసి వచ్చేవాళ్లు. తర్వాత ల్యాప్‌టాప్‌లు వచ్చి ఇంటిదాకా నడిచాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడైతే డెస్క్‌టాప్‌లను సైతం క్యాబుల్లో వేసి ఉద్యోగుల ఇళ్లకు పంపిన కంపెనీలున్నాయి. అప్పటినుంచి ప్రతి ఐటీ ఇంట్లోనూ ఒక బరువైన యంత్రం కంపెనీ ఖర్చుతో ఉంటోంది. అది ఉన్నాక సొంతానికి కొనే రెండో యంత్రం నిజంగానే చిన్నదైతే చాలు.

అందులోనూ ఆఫీసు సిస్టమ్ అద్దెకొంప లాంటిది, మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలి. యూఎస్‌బీ పోర్టులు మూసేసి ఉంటాయి. ఏ సైట్ తెరిచారో ఐటీ వాళ్లకు కనిపిస్తుంది. అమ్మ మెడికల్ రిపోర్టులు, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, పాప పుట్టినరోజు ఫొటోలు అందులో పెట్టుకోకూడదు. సొంత విషయాలకు సొంత తెర కావాలనిపించడం న్యాయం. ఆ పనికి ట్యాబ్‌ను మించింది నాకు కనిపించలేదు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ బ్రౌజర్‌లో దాఖలు చేయొచ్చు. డాలస్‌లో ఉన్న కొడుకుతో వీడియో కాల్ మాట్లాడటానికి నాన్నగారు ఫోను తెరకన్నా దీన్నే ఇష్టపడతారు. పాప దాని మీద పెన్నుతో లెక్కలు చేసుకుంటుంది, తప్పు పోతే తుడుచుకుంటుంది. డిజైన్ డాక్యుమెంట్లు చదివి పక్కన గీతలు గీసి తిప్పి పంపే ఆర్కిటెక్టుకు, రోజంతా కాల్స్‌లో ఉండి మెయిళ్లు, స్లైడ్లు చూసే డెలివరీ మేనేజర్‌కు ట్యాబ్ హాయిగా సరిపోతుంది. ఫ్యాన్ చప్పుడు లేదు, ఒడిలో పెట్టుకుంటే వేడి అంతగా తగలదు.

ఒడి అన్నాను కాబట్టి ఒక మాట. రాయదుర్గం వెళ్లే మెట్రోలో సీటు దొరికినప్పుడు ఎవరైనా ట్యాబ్‌కు కీబోర్డు తగిలించి టైపు చేస్తుంటే గమనించండి. వెనక కాలు చాచి నిలబడే రకమైతే ఆ కాలు మోకాలి చివరిదాకా వస్తుంది. అమీర్‌పేటలో జనం ఎక్కి ఎవరి సంచో తగిలితే తెర వెనక్కి వాలిపోతుంది. మనిషి ఒక చేత్తో తెర పట్టుకుని ఇంకో చేత్తో అక్షరాలు కొడుతుంటాడు. ల్యాప్‌టాప్‌లో బరువు కింద ఉంటుంది, అందుకే అది ఒడిలో నిలుస్తుంది. ట్యాబ్‌లో బ్యాటరీతో సహా బరువంతా తెర వెనకే. నిలబెట్టాలంటే కీబోర్డును బరువుగా చేయాలి. చేస్తే తేలిక అన్న లాభం పోతుంది.

డబ్బు లెక్క కూడా చూద్దాం, 2025 నాటి ధరల్లో. 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో 1,29,900. దానికి మ్యాజిక్ కీబోర్డు 33,900. పెన్సిల్ ప్రో 11,900. మొత్తం 1,75,700 రూపాయలు. 2025 మార్చిలో వచ్చిన ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ కీబోర్డుతో సహా 99,900కే మొదలైంది. బొమ్మలు గీసేవాళ్లకు, వీడియో ఎడిటింగ్ చేతివేళ్లతో చేసుకునేవాళ్లకు ఆ పైడబ్బు దండగ కాదు. కీబోర్డు తగిలించి టైపు చేయడానికే అయితే దండగే.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వద్దాం. ఉద్యోగం మారినా, పోయినా, ఆఖరి రోజు సాయంత్రం ఐటీ డెస్కు దగ్గర నిలబడాలి. కౌంటర్ అవతలి కుర్రాడు సిస్టమ్ తిరగేసి అడుగున అంటించిన అసెట్ ట్యాగ్ నంబరు చదువుతాడు. ఛార్జర్ ఉందా, హెడ్‌సెట్ ఉందా, డాక్ ఉందా అని ఒక్కొక్కటే అడిగి టిక్కు పెడతాడు. కంపెనీ బ్యాగు కూడా ఇవ్వాలా సార్ అని కొందరు అడుగుతారు. సంతకం అయ్యాక మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెడతారు. ఇదంతా చేతులతో అయ్యే పద్ధతి. ఇళ్లనుంచి పని చేసేవాళ్లకైతే పొద్దున్న కాల్‌లో చెబుతారు, కాల్ ముగిసేలోగా లాగిన్ ఆగిపోతుంది, రెండు రోజుల్లో కొరియర్ మనిషి వచ్చి సిస్టమ్ తీసుకుపోతాడు.

మర్నాడు ఆ మనిషికి కావలసినవి ఏమిటి? రెజ్యూమె సరిచేసుకోవాలి. అది ట్యాబ్‌లో అవుతుంది. కొత్త టెక్నాలజీ ఏదో నేర్చుకుని చేత్తో చేసి చూడాలి. అది అవదు. ఆన్‌లైన్ కోడింగ్ టెస్టు రాయాలి. చాలా టెస్టులు కెమెరా ఆన్ చేసి, వేరే కిటికీలు తెరవకుండా తాళం వేసే సాఫ్ట్‌వేర్ ఎక్కించమంటాయి, అది ఎక్కువగా విండోస్‌కో మ్యాక్‌కో ఉంటుంది. పన్నెండేళ్లు ప్రోగ్రాములు రాసిన మనిషి, ఇంట్లో లక్ష రూపాయల ట్యాబ్ పెట్టుకుని, టెస్టు కోసం బావమరిది ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకోవడం నేను చూశాను. ఆయన పనితనానికి ఏ లోటూ లేదు. పనిముట్టు ఆయనది కాదు, అంతే. వడ్రంగి బాడిస తనది, దర్జీ మిషన్ తనది. మన నగరంలో ఇంత పెద్ద వృత్తి చేసేవాళ్లకు సొంత పనిముట్టు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది. అందుకే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: ఆఫీసు సిస్టమ్ లెక్కలోంచి తీసేసి చూడండి. తీసేశాక ఇంట్లో మీదంటూ ఒక ల్యాప్‌టాప్ ఉంటే, అది పాతదైనా సరే, అప్పుడు ట్యాబ్ కొనుక్కోండి.

ట్యాబే కంప్యూటర్ అన్న ఆశ పేదవాళ్ల కోసం పుట్టినప్పుడు అందులో హైదరాబాద్‌కూ పాత్ర ఉందని ఎంతమందికి గుర్తుందో. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఆకాశ్ అనే ట్యాబ్లెట్ విడుదల చేశారు. డేటావిండ్ కంపెనీది, ఐఐటీ రాజస్థాన్ తోడ్పాటు. దాన్ని బిగించింది మన హైదరాబాద్‌లో, క్వాడ్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థలో. ప్రభుత్వానికి ఒక్కొక్కటి సుమారు 2,250 రూపాయలు పడింది. ప్రపంచమంతా వార్త రాసింది. లోపల చూస్తే 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ మెమరీ, వేలితో గట్టిగా నొక్కితే గానీ కదలని 7 అంగుళాల తెర. 2012 నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆకాశ్ 2 విడుదల చేశారు. అందులో ప్రాసెసర్ 1 గిగాహెర్ట్జ్, మెమరీ 512 ఎంబీ, తెర సున్నితమైంది. ఐఐటీ బాంబే వాళ్లు ఆ చిన్న తెర మీద సి, పైథాన్ ప్రోగ్రాములు రాసే ఏర్పాటు కూడా చేశారు. విద్యార్థికి పాఠం చూసే సాధనం ఒక్కటే చాలదని, చేసి చూసే సాధనం కావాలని వాళ్లకు తెలుసు. కానీ తెరలో సగం కీబోర్డుకే పోతే మిగిలిన సగంలో పది లైన్ల కోడ్ కనబడటమే కష్టం. ఆకాశ్ నిలబడలేదు. చవక వస్తువు కాబట్టి పోయిందని చాలామంది తేల్చేశారు. నేను దాన్ని చులకన చేయలేను, ఆ ఆలోచనలో పెద్ద మనసు ఉంది. అయితే చేతిలో ఏ కంప్యూటరూ లేని పిల్లవాడికి, కంప్యూటర్ చేసే పనిలో సగమే చేసే వస్తువును మొదటి వస్తువుగా ఇచ్చాం.

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల టీచర్లకూ 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చింది. ఎనిమిదో తరగతికి పాఠాల వీడియోలు చూడటం, ప్రశ్నలకు జవాబులు గుర్తించడం ప్రధానం. ఆ వయసుకు ట్యాబ్ తగినదే. అదే పిల్లవాడు నాలుగేళ్ల తర్వాత బీటెక్‌లో చేరతాడు. శ్రీకాకుళం నుంచో ఇంకెక్కడినుంచో వచ్చి మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టల్లో చేరి, అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోర్సుకు ఫీజు కట్టే వయసుకూ వస్తాడు. ఇంట్లోవాళ్లు పదో పరకో కూడబెట్టి ఒక్కసారే కొనివ్వగలరు. ఆ ఒక్కసారి ట్యాబ్ కొనివ్వొద్దని ఆ తల్లిదండ్రులకు నా మనవి. కొట్లో సేల్స్‌మన్ కీబోర్డు తగిలించి చూపిస్తాడు, నో కాస్ట్ ఈఎంఐ అంటాడు, అచ్చం ల్యాప్‌టాప్‌లాగే ఉంటుంది. మొదటి ల్యాబ్ రికార్డు రాసేనాటికి తేడా తెలుస్తుంది.

కోడింగ్ చేయనివాళ్ల సంగతి? అకౌంట్సు వాళ్లకు ట్యాలీ పూర్తిగా కావాలంటే విండోస్ కావాలి. ఐప్యాడ్ ఎక్సెల్‌లో మాక్రోలు నడవవు. ఇక తెలుగు పుస్తకాలు, శుభలేఖలు కంపోజ్ చేసే డీటీపీ వాళ్లు. వాళ్లలో చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే పని చేస్తున్నారు. ఇరవై ఏళ్ల పని ఆ ఫైళ్లలోనే ఉంది, అవి ఐప్యాడ్‌లోనూ ఆండ్రాయిడ్ ట్యాబ్‌లోనూ తెరుచుకోవు. యూనికోడ్ తెలుగు మాత్రం ట్యాబుల్లో ఇప్పుడు చక్కగా వస్తోంది, మాట చెబితే రాసిపెడుతోంది కూడా. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు, ఐప్యాడ్లు, మ్యాక్‌లలో యాప్‌లు కుప్పకూలిన రోజుల నుంచి చూస్తే ఇది మంచి ప్రయాణమే. కథలు, వ్యాసాలు రాసుకునేవాళ్లు ధైర్యంగా ట్యాబ్‌కు మారొచ్చు.

మరి విద్యార్థికి ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేకపోతే? దీనికి మన నగరంలోనే దారి ఉంది. కంపెనీలు కొన్నేళ్లకోసారి సిస్టమ్‌లు మారుస్తాయి. ఆ పాతవి బాగుచేసి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అమ్ముతారు. థింక్‌ప్యాడ్లు, లాటిట్యూడ్లు వరుసగా పేర్చి ఉంటాయి. రోజుకు పది గంటలు వాడటానికి తయారైనవి కాబట్టి కీళ్లు గట్టివి. చాలా పాత మోడళ్లలో మెమరీ, ఎస్ఎస్‌డీ మనమే మార్చుకోవచ్చు. ఒక మాదిరి ట్యాబ్, కీబోర్డు కలిపి అయ్యే డబ్బుకు ఇలాంటిది వస్తుంది.

వెళ్లేముందు ఒక తేదీ గుర్తుపెట్టుకోండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది, కొత్త ఐప్యాడ్ ప్రకటనకు సరిగ్గా ముందు రోజు. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం, ఆ పైవి అయితేనే విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుంది. అంతకన్నా పాతవి ఇప్పుడు చవగ్గా అంటగడతారు. లినక్స్ వేసుకునే ఉద్దేశం ఉంటే అవీ తీసుకోవచ్చు, కంప్యూటర్ సైన్స్ చదివేవాడికి లినక్స్ అలవాటు కావడం మంచిదే కూడా. విండోసే కావాలంటే ఎనిమిదో తరానికి తగ్గొద్దు.

కొట్లో నిలబడ్డాక యంత్రాన్ని మొదటినుంచి సెటప్ చేసి చూపించమనండి. ఏదైనా కంపెనీ లాగిన్ అడిగిందంటే అది ఇంకా ఆ కంపెనీ అజమాయిషీలోనే ఉన్నట్టు, తీసుకోవద్దు. బయోస్ పాస్‌వర్డ్ లేదని చూసుకోండి. ఛార్జర్ పీకేసి ఓ పావుగంట వీడియో నడిపించండి, బ్యాటరీ ఎంత దిగిందో తెలుస్తుంది. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటా ఒక్కసారైనా నొక్కండి, స్పేస్ బార్ రెండు చివర్లా నొక్కండి. కెమెరా, మైకు పరీక్షించండి, రేపు ఇంటర్వ్యూలు వాటితోనే. బిల్లు మీద సీరియల్ నంబరూ వారంటీ ఎన్ని నెలలో రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.